గాజులక్క అడిగిన గట్టు

వ్యవసాయ విస్తరణ అధికారిగా రిటైరయ్యాను. జనగామ వైపు మొదలుపెట్టి, మహబూబాబాద్‌లో చాలా ఏళ్ళు చేసి, చివరికి భూపాలపల్లి జిల్లాలో, మహదేవపూర్ చుట్టుపక్కల గోదావరి ఊళ్ళలో నా ఉద్యోగం ముగిసింది. ఇన్నేళ్ళూ వేలమందికి విత్తనం ఎట్లా పెట్టాలో, ఎరువు ఎప్పుడు చల్లాలో చెప్పిన నాకు సొంతానికి గుంట భూమి లేదు. మా నాయిన తరిగొప్పులలో సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆయన నాకిచ్చిన ఆస్తి ఒక గాలిపంపు.

ఈ సంగతి రైతులకు ఎట్లాగో తెలిసిపోయేది. మహబూబాబాద్‌లో ఒక మీటింగులో ఒక పెద్దమనిషి లేచి, సారు చెప్పుడు మంచిగనే చెప్తడు గాని నాగలి వెనక ఎన్నడన్న నడిచిండా అని మాత్రం అడగకుండ్రి అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు మీలాంటి పిల్లలు ఫోన్ చేస్తుంటారు. ఉద్యోగం చాలు సార్, వ్యవసాయం చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అంటారు. రెండో ప్రశ్న ఎకరం ధర గురించే ఉంటుంది. ధర చెప్పగానే అవతల నిట్టూర్పు వినబడుతుంది, ఫోన్ పెట్టేస్తారు. అట్లాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. ఉన్నదంతా నా పొరపాటే, ఒక గాజులమ్మే మనిషి మంచితనమే.

ఆ ఏడు మిరుగు, అదే మృగశిర కార్తె వాన, ముందే పడింది. రైతు వేదికలో కంది విత్తనాల చిన్న సంచులు పంచుతున్నాను. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. చివరి మనిషి దాకా ఓపికగా కూర్చుని, అప్పుడు లేచి వచ్చింది గాజులక్క. అసలు పేరు వేరే ఉంది, ఊళ్ళలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ముస్లింల ఆడబిడ్డ, నలభై దాటి ఉంటాయి. గాజులు గుచ్చిన మూట, మలారం, నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరుగుతుంది. తనకో సంచి ఇమ్మన్నది.

నేను తల ఎత్తకుండానే అడిగాను, భూమి పాస్ పుస్తకం ఉందా అని. లేదన్నది. కౌలుకు చేస్తున్నావా, ఎవరి భూమి అన్నాను.

"భూమి కాదు సారు. ఒరాలు అడిగిన."

మావైపు పొలం గట్టును ఒరం అంటారు. వరి మడికీ మడికీ మధ్య ఉండే ఆ మూరెడు మట్టి మీద కంది పెడతానంటోంది. అక్కడున్న ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు, నేనూ వాళ్ళతో కలిశాను. నిజానికి గట్ల మీద కంది పెట్టుకోవచ్చని మా శాఖ పుస్తకాల్లోనే ఉంది. నేనే ఎన్నో మీటింగుల్లో చెప్పాను. కాకపోతే పొలం ఉన్నవాళ్ళకు చెప్పాను. పొలం లేకుండా వట్టి గట్లే అడిగే మనిషి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు.

జాబితాలో లేనివాళ్ళకు సంచి ఇచ్చే వీల్లేదు, పాస్ పుస్తకం లేకపోతే నువ్వు రైతువు కాదు చెల్లె అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గనిపిస్తోంది. ఆమె వాదించలేదు. మలారం నెత్తిన పెట్టుకుంటూ ఒక్క మాట అన్నది.

"సరే సారు. ఇత్తు మొలిచినంక ఒకపారి వచ్చి చూడుండ్రి. నేను ఎవరో గప్పుడే రాసుకోండ్రి."

ఆమె కథ తర్వాత తెలిసింది. కాళేశ్వరం జాతరల్లో భర్త సైకిల్ మీద గాజులు అమ్మేవాడు. పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. అప్పటినుంచి మలారం ఆమె నెత్తికెక్కింది. నడిచీ నడిచీ మోకాళ్ళు అరిగాయి. ఇప్పటి ఆడపిల్లలు గాజులు దుకాణంలోనే కొనుక్కుంటున్నారు. ఇంటికి దగ్గరగా, భర్తను కనిపెట్టుకుంటూ చేసుకునే పని ఒకటి ఆమెకు కావాలి. కౌలుకు అడిగితే ఎవరూ ఇవ్వలేదు, ఇచ్చినా ముందుగా చెల్లించే స్తోమత లేదు. మరి ఈ ఆలోచన ఎట్లా వచ్చిందని ఒకసారి అడిగాను.

"అందరు పొలం చూస్తరు సారు. నేను ఇన్నేండ్లసంది నడిచింది ఒరం మీద గద. నాకు గదే కనబడ్డది."

ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి అడ్డదారిన గట్ల మీదుగా పోతూ, ఇంత మట్టి ఊరికే గడ్డి మొలిచి పోతోందే అనుకునేదట. ఎవరిని అడగాలో కూడా ఆమెకే తెలిసింది. మగవాళ్ళను అడగలేదు. గాజులు తొడిగించుకునే ఆడవాళ్ళను అడిగింది. చేయి తన చేతిలో ఉన్నప్పుడు, గాజు మెల్లగా మణికట్టు దాటిస్తూ అడిగిందట. చేయి పట్టుకున్నోళ్ళను ఎవరూ కాదనరు సారు అని చెప్పి నవ్వింది. అట్లా పదకొండు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు.

షరతులు కూడా తనే పెట్టుకుంది. పక్కవాడి పొలాన్ని ఆనుకున్న గట్టు ముట్టుకోదు. గెట్టు పంచాయితీలో, అంటే హద్దుల తగాదాలో, తలదూర్చితే ఊళ్ళో తిరగలేమని ఆమెకు తెలుసు. లోపలి గట్లే, అవీ సగం వెడల్పు. మిగతా సగం మనిషి నడవడానికి. కంది ఇంటికొచ్చాక ఒక్కో ఇంటికి మానికతో రెండుసార్లు కొలిచి రెండు మానికల కందులు. ఇవన్నీ నోటిమాటే. విత్తనం నేను ఇవ్వలేదు కదా, పదకొండు ఇళ్ళలో పెద్ద వయసు అవ్వ ఒకామె బూడిద కలిపి కుండలో దాచుకున్న కందులు దోసిళ్ళతో తీసి ఇచ్చిందట. రైతువు కాదని సర్కారు మనిషి పంపేస్తే, ఆ అవ్వ మారుమాట్లాడకుండా విత్తనం ఇచ్చింది.

నాట్లు పూర్తయ్యే రోజుల్లో ఆ దారిన పోతూ బండి ఆపాను. వరి మడుల మధ్య గట్ల మీద జానెడు మొక్కలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఎక్కడా వంకర లేదు. మూరకు రెండు గింజలు, ఒక్క చోట కూడా తప్పలేదు. నేను ఫోటోలు తీసి పైకి పంపే ప్రదర్శన క్షేత్రాలు కూడా అంత తీరుగా ఉండేవి కావు. ఆ రోజు నుంచి ఎక్కడికి పోతున్నా బండి అక్కడ ఆగేది. మొక్కకు నెలన్నర దాటాక కొన తుంచితే కొమ్మలు ఎక్కువ వస్తాయని చెప్పాను. ఇద్దరం కలిసి ఒక గట్టు తుంచాం. ఎందుకు ఏమిటి అని అడుగుతూనే ఉండేది, అర్థమయ్యేదాకా వదిలేది కాదు. మహబూబాబాద్‌లో నన్ను ఎగతాళి చేసిన పెద్దమనిషి కన్నా ఈమెకు జవాబు చెప్పడమే కష్టం.

ఇక నా ఘనకార్యం.

వానలు తెరిపిచ్చాక వరికి ఆకుముడత పురుగు మొదలైంది. మా పై అధికారి మధ్యాహ్నానికల్లా రిపోర్టు కావాలన్నాడు. ఆయన మంచివాడే, కాకపోతే రిపోర్టు లేకపోతే పురుగు కూడా లేనట్టే అనుకునే రకం. ఆ హడావిడిలో రైతుల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ పెట్టాను. గట్ల మీద గడ్డి ఉంటే పురుగుకు ఇల్లు కట్టించినట్టే, గడ్డి మందు కొట్టి గట్లు శుభ్రం చేసుకోండి అన్నాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి వానాకాలం చెప్పిన మాటే అది. నాలుకకు కంఠతా వచ్చు, బుర్ర అవసరం లేదు. అంతకు మూడు రోజుల ముందే అట్లాంటి గట్టు మీదే గొంతుకూర్చుని కంది కొనలు తుంచినవాణ్ణి. ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు.

తెల్లవారి చాయ తాగుతుంటే ఫోన్ మోగింది. పక్క క్లస్టర్ ఊళ్ళు చూసే మా సహోద్యోగి, నాలుగేళ్ళ కిందట చేరిన అమ్మాయి. గాజులక్క గట్ల సంగతి నా దగ్గర విన్నదే. రిపోర్టు రాయడం నేను ఆమెకు నేర్పాను, వాయిస్ పెట్టడం ఆమె నాకు నేర్పింది.

"సార్, మీ వాయిస్ ఇన్న. మరి గాజులక్క కంది ఎక్కడ నిలబడ్డది సార్?"

నిజం చెప్తాను. నాకు ముందు గాజులక్క మీద దిగులు పుట్టలేదు. ఆ వాయిస్ ఎట్లా తీసేయాలా అన్న ఆలోచన వచ్చింది. అప్పటికే అందరూ వినేశారు. ఆ తర్వాతే ఆమె కంది కళ్ళ ముందు నిలబడింది. గడ్డి మందుకు గడ్డి, కంది అని తేడా తెలియదు. పచ్చగా ఏది కనబడితే అది పోతుంది.

బండి తీసేముందు ఇంకో వాయిస్ పెట్టాను. నిన్న నేను చెప్పింది తప్పు, కంది ఉన్న గట్ల మీద మందు కొట్టకండి అని. శాఖ ఎప్పుడూ తప్పు చెప్పదు, కావాలంటే సవరణ ఇస్తుంది అని మా పై అధికారి అంటుండేవాడు. సవరణ అనే మాట వెతుక్కునే తీరిక నాకు లేకపోయింది. ఆ అమ్మాయి ఒక కొస నుంచి, నేను ఇంకో కొస నుంచి బయల్దేరాం. మంచు ఆరగానే మందు కొట్టడం మొదలుపెడతారు. పదకొండు పొలాలు, రెండు బండ్లు.

మొదటి పొలంలో ఇంటాయన వీపున మందు పంపు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముందు గట్టు మీద ఇల్లాలు నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది. నేను నోరు తెరవకముందే ఆమె చెప్పింది, ఒరం నాది, దాని మీద మందు పడితే ఇయ్యాల ఇంట్ల పొయ్యి రాజదని. ఆయన నావైపు చూసి, నిన్న కొట్టమంటివి, ఇయ్యాల వద్దంటివి, ఏదో ఒకటి చెప్పు సారు అన్నాడు. తప్పు చెప్పానన్నాను. ఆ మాట అనడం అనుకున్నంత కష్టం కాలేదు. రెండో పొలానికి ఇంకా తేలికైంది. చాలాచోట్ల మాకన్నా ముందే ఆడవాళ్ళు ఆపేశారు. మేం పోయింది ఊరికే చెమటలు కక్కడానికి అనిపించింది.

మూడు ఇళ్ళవాళ్ళు మాత్రం నాకంటే ముందే లేచారు. కొట్టేశారు. అందులో ఒకటి ఊళ్ళో పెద్ద రైతుది, అందరికన్నా పొడుగు గట్టు ఆయనదే. నీ మాట మీదనే కొట్టిన సారు, ఇన్నందుకు తప్పా అని అడిగాడు. ఆయన కోపంగా కూడా అనలేదు. తప్పు నీది కాదు, చెప్పిన నాది అన్నాను.

గాజులక్క అక్కడికే వచ్చింది. ఎవరో చెప్పి ఉంటారు. గడ్డి మందు కొట్టిన మొక్క వెంటనే వాడదు, నాలుగైదు రోజులు పడుతుంది. కంది పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. నేనూ ఆమె కలిసి కొనలు తుంచిన గట్టు అదే. కొత్త కొమ్మలు అప్పుడే వేస్తున్నాయి. ఆ పచ్చదనం చూపించి ఇది చచ్చిపోయిందని ఆమెకు చెప్పాలి.

కడిగితే పోతదా అని అడిగింది. వెంటనే అయితే కొంత పోయేది, కొట్టి మూడు గంటలు దాటింది, ఇక పోదు అన్నాను. ఆమె గట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"మానికలు ఎట్ల ఇయ్యాలె సారు? చేతులు పట్టుకొని మాటిచ్చిన. మొదటి ఏడే తప్పితే మల్ల నాకు ఒరం ఎవరిస్తరు?"

అప్పటిదాకా పోయింది కొన్ని మొక్కలే అనుకుంటున్నాను నేను. పోయేది ఆమె మాట అని అప్పుడు అర్థమైంది. తప్పు నాది కాబట్టి ఆ ఇళ్ళకు ఇవ్వాల్సిన కందులు నేనే కొని ఇస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కొని ఇస్తే నేను బేరగత్తెనైత సారు. రైతునెట్లయిత?"

జూన్‌లో నేను కాదన్న మాటే అది. ఆమె మరిచిపోలేదు. నన్ను దెప్పడానికి కూడా అనలేదు. ఆమెకు ఆ ఏడు నిజంగా కావల్సింది ఒక్కటే, రైతు అనిపించుకోవడం. దాన్ని రెండుసార్లు నేనే కొట్టాను, ఒకసారి జాబితాతో, ఒకసారి మందుతో.

వారం తర్వాత కబురు పెట్టింది. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. ఆ మూడు గట్లూ మాడి గోధుమరంగుకు వచ్చాయి. కంది కర్రలు ఎండి నిలబడ్డాయి. ఆమె పారతో వాటిని పక్కకు నెట్టి, మట్టి పిడికిట పట్టుకుని చూస్తోంది.

"గడ్డి మొత్తం పోయింది గద సారు. చెక్కే పని తప్పింది. ఇప్పుడు ఏం పెడితే ఎల్తది?"

నేనైతే ఆ మట్టి వైపు చూడలేకపోయాను. ఆమె మాత్రం దున్నిపెట్టిన చేనును చూసినట్టు చూస్తోంది. కందికి కాలం మించింది, బొబ్బర్లు పెడితే వరి కోతల లోపే వస్తాయన్నాను. మందు కొట్టించుడు మీ వంతాయె, ఇత్తు పెట్టుడు గూడ మీరే పట్టుండ్రి అన్నది. విత్తనాలు ఆ సహోద్యోగి అమ్మాయి తమ ఇంట్లోంచి తెచ్చింది. ముగ్గురం మూడు గట్లు పట్టుకున్నాం. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పుల్లతో గుంత చేసి రెండేసి గింజలు వేసుకుంటూ పోయాను. ప్రదర్శన క్షేత్రాల్లో ఫోటో కోసం వేసిన నాలుగు గింజలు వదిలేస్తే, నా ఉద్యోగ జీవితంలో నేను విత్తనం పెట్టడం అదే మొదలు. నడుం పట్టేసింది. దారిన పోయే పెద్ద రైతు ఆగి చూసి, ఇయ్యాల సారు రైతైండు అన్నాడు. అంతకన్నా మంచి ప్రశంసాపత్రం నాకు ఏ అధికారీ ఇవ్వలేదు.

బొబ్బర్లు కాశాయి. చలి ముదిరాక కంది కూడా ఇంటికొచ్చింది. ఇంటి ముందర టార్పాలిన్ పరదా పరిచి ఆమె కర్రతో కొడుతుంటే, భర్త మంచం మీద కూర్చుని ఎడమచేత్తో పొట్టు ఏరాడు. ఇంట్లోకి ఒక్క గింజ పోనివ్వలేదు, ముందు పదకొండు ఇళ్ళ మానికలు తీసింది. మందు పడిన మూడు ఇళ్ళకు కూడా మిగతా గట్ల కందుల్లోంచి తీసింది. బొబ్బర్లు ఇస్తే సరిపోదా అన్నాను. మాట కందుల మీద ఇచ్చిన సారు అన్నది. ఇంటింటికీ కొలిచి ఇవ్వడానికి నేనూ వెంట పోయాను, మూట నేనే మోశాను. పెద్ద రైతు భార్య మానికలు తీసుకుని, వచ్చే ఏడు బాయికాడి ఒరాలు గూడ నువ్వే పెట్టుకో అన్నది. గాజులక్క కళ్ళు అప్పుడు నిండాయి. పచ్చటి కంది చచ్చిన రోజు రాని నీళ్ళు ఆ మాటకు వచ్చాయి.

ఆమె ధనవంతురాలైందని చెప్తే అబద్ధం. ఇంటికి ఏడాది పప్పు, అమ్ముకోవడానికి కొంత మిగిలింది. మలారం పూర్తిగా దించలేదు, జాతరలకు మాత్రం ఎత్తుకుంటుంది. తర్వాతి ఏడు పంటల నమోదు చేస్తుంటే సర్వే నంబరు అడిగే చోట ఆగిపోయాను. గట్టుకు నంబరు ఉండదు. పేజీ చివర ఖాళీలో ఆమె అసలు పేరు రాసి, గట్టు కంది, రైతు అని చేత్తో రాశాను. మా పై అధికారి ఇదేమిటని అడిగాడు. పంట సార్ అన్నాను. కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, సరేనని సంతకం పెట్టాడు. కొట్టేయనందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ ఉదయం ఫోన్ చేసిన అమ్మాయికి అంతకన్నా ఎక్కువ రుణపడి ఉన్నాను. ఆమె నన్ను తిట్టలేదు, ఒక ప్రశ్న అడిగింది అంతే.

రిటైరయ్యాక తరిగొప్పుల వచ్చేశాను. కొన్నాళ్ళు పేపరు చదివాను, కొన్నాళ్ళు నా భార్య పనికి అడ్డం పడ్డాను. పొద్దున నడకకు పోతే పొలాల గట్లే కనబడేవి. అడగడానికి నా దగ్గర గాజులు లేవు. చివరికి నా భార్యే పక్కింటి ఇల్లాలిని అడిగి రెండు గట్లు ఇప్పించింది. విత్తనం కోసం గాజులక్కకు ఫోన్ చేశాను. చెల్లె, వ్యవసాయం మొదలుపెడుతున్నా, కందులు కావాలి అన్నాను. ఆమె తిరిగి అడిగింది.

"పాస్ పుస్తకం ఉందా సారు?"

నవ్వాను. లేదు చెల్లె అన్నాను.

"ఏం ఫికర్ లేదు. పంపిస్త."

నాలుగు రోజులకు జనగామ బస్టాండులో పార్సిల్ అందుకున్నాను. రెండు గాజుల డబ్బాలు. ఒకదాంట్లో బూడిద కలిపిన కందులు, ఇంకోదాంట్లో బొబ్బర్లు, వాటి అడుగున నా భార్యకు డజను గాజులు, కొసరుగా ఇంకొకటి.

ఇప్పుడు కంది మోకాలెత్తు ఉంది. గడ్డి కూడా బాగానే మొలిచింది, రోజూ పొద్దున పోయి చేత్తోనే పీకుతున్నాను.